గేటు దగ్గర రసీదు అడిగే ముందు

మన పట్టణ ఫొటో, వీడియోగ్రాఫర్ల సంఘం గౌరవ అధ్యక్షులకు, కార్యదర్శికి, కార్యవర్గ సభ్యులకు



ఆగస్టు 19న, ఫొటోగ్రఫీ దినోత్సవం అని, మన సంఘం హాల్లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డాగురే పటానికి దండ వేసి కొబ్బరికాయ కొట్టారు. ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి రోగులకు పళ్ళు పంచి, ఆ ఫొటోలు గ్రూపులో పెట్టారు. అదే సాయంత్రం తలుపులు వేసుకుని ఒక తీర్మానం చేశారు. మర్నాడు పొద్దున్నే అది లెటర్‌హెడ్ మీద, గుండ్రటి సీలుతో నా ఫోనుకు వచ్చింది. అందులో నాలుగు అంశాలున్నాయి. కొత్తగా పెళ్ళిళ్ళు తీయాలనుకునేవారు రూ.25,000 ప్రవేశ రుసుము కట్టి, ఇద్దరు సభ్యుల సిఫారసు తేవాలి. మూడేళ్ళు ఒక సభ్యుడి దగ్గర పనిచేసినట్టు రుజువు లేనిదే సొంతంగా ఆర్డరు పట్టకూడదు. బయటి ఊరి ఫొటోగ్రాఫరు మన ఊరి ఫంక్షన్ హాల్లో కెమెరా తీయాలంటే గేటు దగ్గర సంఘం రసీదు చూపాలి. సంఘం చెప్పిన రేటుకు తగ్గి పనిచేస్తే జరిమానా.

మోకాళ్ళు సహకరించక ఆ సమావేశానికి నేను రాలేదు. వచ్చి ఉంటే మీ మొహం మీదే చెప్పేవాణ్ణి. రాలేదు కాబట్టి నలుగురూ వినేలా ఇక్కడ చెబుతున్నాను. మన నాలుగు గోడల మధ్య తేల్చుకునే విషయం అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఈ ఊళ్ళో పెళ్ళీడు పిల్లలున్న ప్రతి తల్లికీ తండ్రికీ దీంతో పని ఉంది. డిగ్రీ చదివి, చేతిలో కెమెరా పట్టుకుని, ఏ తలుపు తట్టాలో తెలియక నిలబడ్డ ప్రతి పిల్లకూ పిల్లాడికీ పని ఉంది.

ముందుగా మీరు దండ వేసిన పటం సంగతి చూద్దాం. 1839 ఆగస్టు 19న పారిస్‌లో ఏం జరిగిందని మనం ఏటా పండగ చేసుకుంటున్నాం? అది డాగురే పుట్టినరోజు కాదు. ఆయన మొదటి బొమ్మ తీసిన రోజూ కాదు. వెండి పూసిన రాగి రేకు మీద బొమ్మను నిలబెట్టే విద్యను ఫ్రెంచి ప్రభుత్వం సొంతం చేసుకుని, దాని గుట్టంతా విప్పి లోకం ముందు పెట్టిన రోజది. ఆ విద్యకు బదులుగా డాగురేకు ఏడాదికి 6,000 ఫ్రాంకులు, ఆయన భాగస్వామి నియెప్స్ కొడుక్కి 4,000 ఫ్రాంకులు పింఛను ఇచ్చింది. ఇంగ్లండులో మాత్రం ముందే పేటెంటు తీసుకున్నారు, అక్కడ డబ్బు కట్టినవాడికే ఆ విద్య. మనం పండగ చేసుకుంటున్నది పేటెంటు రోజునా, గుట్టు విప్పిన రోజునా? వెతికి వెతికి ఆ రోజునే ఈ విద్యకు గేటు కట్టారే, పటంలోని మనిషి కళ్ళలోకి ఒక్కరైనా చూశారా?

మీ వాదన నాకు తెలుసు. ‘ఎవడు పడితే వాడు కెమెరా కొనుక్కుని వచ్చి పెళ్ళిళ్ళు చెడగొడుతున్నాడు, పేరు మనందరికీ పోతోంది’ అంటారు. ఇందులో అబద్ధం లేదు. పెళ్ళికి రీటేక్ ఉండదు. సుముహూర్తం అంటే కొన్ని క్షణాలే. బ్రాహ్మడు చెయ్యెత్తుతాడు, గట్టిమేళం మోగుతుంది, అడ్డుతెరకు అటూ ఇటూ ఉన్న ఇద్దరూ జీలకర్ర-బెల్లం ఒకరి తల మీద ఒకరు పెడతారు. అదే క్షణంలో మేనత్త ముందుకు వంగుతుంది, వీడియో లైటు మొహం మీద తెల్లగా కొడుతుంది, తెర పట్టుకున్నవాళ్ళలో ఒకరి మోచెయ్యి పెళ్ళికూతురి మొహానికి అడ్డం వస్తుంది. ఎక్కడ నిలబడాలో ముందే తెలియనివాడికి ఆ క్షణం దొరకదు. మధుపర్కాల తెలుపును చూసి కెమెరా మీటరు మోసపోతుంది. దాన్ని నమ్ముకుంటే మొహాలు నల్లబడతాయి. తలంబ్రాలు గాల్లో ఆగినట్టు కనబడాలంటే షట్టర్ వేగం పెంచాలి. పెంచితే నాసిరకం ఎల్ఈడీ లైట్ల కింద ఫొటో నిండా చారలు పడతాయి. ఇవన్నీ పుస్తకం చదివితే వచ్చేవి కావు. ఒకరి పక్కన నిలబడి నేర్చుకోవాలి. ఇంతవరకు మీరూ నేనూ ఒకటే.

మరి ఇందులో ఏ ఒక్కటి రూ.25,000 రసీదు నేర్పుతుంది?

నా మొదటి పెళ్ళి సంగతి మీలో పాతవాళ్ళకు తెలుసు, కొత్తవాళ్ళకు చెబుతాను. రీళ్ళ కాలం. నా చేతిలో 35 ఎంఎం కెమెరా, అందులో 36 ఫొటోల రీలు. స్నాతకం నుంచి గౌరీపూజ దాకా ఆపకుండా నొక్కాను. లివరు లాగితే చప్పుడు వచ్చింది, పైన అంకె పెరిగింది. 36 దాటి 37 కూడా వచ్చేసరికి నాకు అనుమానం రావాలి, రాలేదు. రీలు కొస స్పూలుకు పట్టుకోనేలేదు. లోపల ఫిల్ము ఒక్క అంగుళం కదల్లేదు. నేను మూడు గంటలు గాలిని ఫొటోలు తీశాను. ఆ పెళ్ళి చెడిపోలేదంటే కారణం ఒక్కటే. నన్ను వెంట తెచ్చుకున్న మా గురువుగారు మండపానికి ఇంకో వైపు నిలబడి, ఆయన యాషికాలో ఆయన తీసుకుంటూ పోయారు. ఆయనకు ఒక్కో రీలుకు పన్నెండే ఫొటోలు. ఒక్కటీ వృథా చేయలేదు.

ఆ రాత్రి ఆయన నన్ను తిట్టలేదు, జరిమానా వేయలేదు. ఖాళీ కెమెరాలో పాత రీలు ఎక్కించి నా చేతికిచ్చి, ‘ఒరే, లివరు లాగినప్పుడు కుడిచేతి వంక చూడకు. ఎడమవైపు రివైండ్ నాబ్ చూడు. అది తిరిగితేనే లోపల రీలు నడుస్తున్నట్టు’ అన్నారు. నా చేతికి డిజిటల్ కెమెరా వచ్చినా ఈనాటికీ ఆ భయం పోలేదు. అందుకే రెండు కార్డుల్లో ఒకేసారి రాసుకునే కెమెరా తప్ప వాడను. రాత్రి ఇంటికి చేరాక రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించిందాకా పడుకోను. ఆ పెళ్ళిని కాపాడినవి రెండో కెమెరా, పక్కన ఒక పెద్దమనిషి. మీ తీర్మానంలో ఈ రెండింటికీ చోటెక్కడుంది?

మూడేళ్ళ శిష్యరికం పెట్టాం కదా అంటారా? పెట్టారు. ఆ మూడేళ్ళూ ఎలా ఉంటాయో నిజాయితీగా మాట్లాడుకుందాం. మన దగ్గరికి వచ్చిన కుర్రాడు మొదటి ఏడాది లైటు పట్టుకుంటాడు. బ్యాటరీలు మోస్తాడు. కేబుల్ చుడతాడు. రాత్రి ముహూర్తమైతే తెల్లారేదాకా నిలబడి, ఆఖరి బంతిలో మిగిలింది తిని, చేతిలో పెట్టింది తీసుకుని వెళతాడు. రెండో ఏడాది భోజనాల దగ్గర, స్టేజీ మీద గ్రూపు ఫొటోలు తీస్తాడు. అవి మన స్టూడియో పేరుతో ఆల్బమ్‌లోకి పోతాయి. వాడు తీసిన మంచి ఫొటో ఒకటి తన ఫోన్లో పెట్టుకున్నాడని తెలిస్తే మనమేం చేస్తామో మీకు తెలుసు. ‘నా ఆర్డర్లో తీసింది నువ్వెలా చూపించుకుంటావురా’ అంటాం. మూడో ఏడాది కూడా వాడికి తనదని చూపించుకోవడానికి ఒక్క పెళ్ళి ఉండదు.

చట్టం ఏం చెబుతోందో మన సంఘంలో ఎందరికి తెలుసు? 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద మొదటి హక్కు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, తీయించుకున్నవాళ్ళది. అంటే పెళ్ళివారిది. పెళ్ళికూతురు ఒప్పుకుంటే ఆ కుర్రాడు తన ఫొటో చూపుకోవచ్చు. ఒప్పుకోకపోతే స్టూడియో యజమాని గోడకూ అది ఎక్కకూడదు. మనం పెళ్ళివారిని అడక్కుండా గాజు తలుపు మీద నిలువెత్తున అంటిస్తాం, తీసినవాణ్ణి మాత్రం చూపుకోనివ్వం. ఇది ఏ ధర్మం?

మా వీధిలో ఒక దర్జీ ఉన్నాడు. ఆయన కూతురు డిగ్రీ పూర్తి చేసింది. వాళ్ళమ్మ పాడుకున్న చీటీ డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో ఒక కెమెరా, ఒక లెన్సు కొనుక్కుంది. శ్రీరామనవమికి గుడిలో కల్యాణం తీసి నాకు చూపించింది. దేవుడి పెళ్ళిలోనూ అడ్డుతెర ఉంటుంది, తలంబ్రాలుంటాయి. నేర్చుకోవడానికి అంతకన్నా మంచి మండపం ఎక్కడుంది! ఆ ఫొటోల్లో ఒకటి నన్ను ఆపేసింది. తెర ఇంకా దిగలేదు. అంచు పైనుంచి విగ్రహం కిరీటం మాత్రం కనిపిస్తోంది. తెర పట్టుకున్న ముసలాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. తెర దించడానికి ముందు క్షణం విలువ ఆ పిల్లకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ‘బాబాయ్ గారూ, మొదటి పెళ్ళి చేస్తేనే కదా రెండోది ఇస్తారు. మరి మొదటిది ఎవరిస్తారు?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. మీ దగ్గర ఉందనుకున్నాను. మీ తీర్మానం చూశాక, ఆ పిల్ల ప్రశ్నకు మీరిచ్చిన జవాబు ‘ముందు పాతిక వేలు తే’ అని అర్థమైంది. అదే డబ్బుతో పాత సామాన్లలో ఒక ప్రైమ్ లెన్సు, ఒక ఫ్లాష్ వస్తాయి. పనిముట్టు కొనుక్కోవాల్సిన డబ్బు మన రసీదు పుస్తకంలోకి పోతే ఆ పిల్ల చేతికి పని ఎలా వస్తుంది?

ఇద్దరు సభ్యుల సిఫారసు కావాలన్నారు. మన సభ్యుల్లో ఒక్క ఆడమనిషి ఉందా? ఇంటి నుంచి కెమెరా భుజాన వేసుకుని వచ్చే ఒక అమ్మాయి ఏ స్టూడియోకు వెళ్ళి, ఎవరి ముందు నిలబడి సిఫారసు అడగాలి? మూడేళ్ళు ఏ సభ్యుడి వెంట రాత్రి ముహూర్తాలకు తిరగాలి? పెళ్ళికూతుర్ని చేస్తున్న గదిలోకి మనం వెళ్ళాలంటే తలుపు కొట్టి, ఎవరో ‘ఆగండి ఆగండి’ అంటే ఆగి, అన్నీ సర్దుకున్నాక రెండు ఫొటోలు తీసి బయటపడతాం. తల్లి జడ వేస్తున్నప్పటి మౌనం, అక్కాచెల్లెళ్ళ ఏడుపూ నవ్వూ మనకు దక్కవు. ఆ అమ్మాయికి దక్కుతాయి. ఈ సంగతి ఈ నేల మీద ఒకాయన నూరేళ్ళకు పూర్వమే కనిపెట్టాడు. రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కోసం వేరే జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్లేయ మహిళ చేతుల్లో పెట్టాడు. అంత ముందుచూపు మనకు ఈనాడు లేకపోయిందే!

ఆ దీన్ దయాళ్ ఎక్కడివాడు? మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో నక్షాలు గీసినవాడు. అక్కడ ఉద్యోగం చేస్తూనే కెమెరా పట్టాడు. ఆ తరవాత ఇక్కడికి వచ్చి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరయ్యాడు. మనం ఇవాళ పాత హైదరాబాదును కళ్ళతో చూడగలుగుతున్నామంటే అందులో పెద్ద వాటా ఆ బయటి ఊరివాడిదే. అప్పుడు సికింద్రాబాదులో మీలాంటి కార్యవర్గం ఉండి, గేటు దగ్గర రసీదు అడిగి ఉంటే? మన పిల్లల సంగతీ చూడండి. మన ఊరి కుర్రాళ్ళు సీజన్లో బెంగళూరు, చెన్నై వెళ్ళి అక్కడి తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళు తీస్తున్నారు. డల్లాస్‌లో స్థిరపడ్డవాళ్ళు ఊరికి వచ్చి పెళ్ళి చేస్తే ఆ ఆర్డరు కోసం మనమే పోటీ పడతాం. అక్కడి సంఘాలు మనవాళ్ళను గేటు దగ్గర ఆపితే మన సంఘం ఊరుకుంటుందా?

చట్టం మాట ఎత్తినందుకు కోపం తెచ్చుకోకండి, మీ సంతకం కింద పడే బాధ్యత గురించే చెబుతున్నాను. నచ్చిన వృత్తి చేసుకునే హక్కు రాజ్యాంగం 19(1)(జి) అధికరణంలో ఉంది. ఒక వృత్తికి అర్హతలు పెట్టాలంటే అది చట్టంతో జరగాలి. లెటర్‌హెడ్ మీద సీలు వేస్తే చట్టం కాదు. ముంబయిలో సినిమా మేకప్ కళాకారుల సంఘం ఒకటి ఆడవాళ్ళు జడలు వేయడానికే తప్ప మేకప్‌కు పనికిరారని, మహారాష్ట్రలో ఐదేళ్ళు నివాసముంటేనే సభ్యత్వమని నిబంధనలు పెట్టుకుంది. చారు ఖురానా అనే మేకప్ కళాకారిణి, మరికొందరు కోర్టుకెక్కారు. 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ రెండు నిబంధనలనూ కొట్టేసింది. ఇక 2002 కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ సంఘాలను కూడా వదల్లేదు. అందరూ కలిసి రేటు కట్టడం, ప్రాంతాలు పంచుకోవడం, సేవలను పరిమితం చేయడం పోటీకి హాని చేసేవని ఆ చట్టం ముందే అనుకుంటుంది. కావని రుజువు చేసుకోవాల్సింది మనం. మందుల వ్యాపారుల సంఘాల ‘మా ఎన్ఓసీ ఉంటేనే స్టాకు’ అన్న పద్ధతిని కాంపిటీషన్ కమిషన్ తప్పుపట్టింది. మీ రసీదుకూ ఆ ఎన్ఓసీకీ తేడా ఏమిటి? ఈ తీర్మానం మీద సంతకాలు పెట్టే ముందు ఒక్క వకీలునైనా అడిగారా?

చట్టం కంటే ముందు మర్యాద ఒకటుంది. పెళ్ళి ఎవరిది? మండపం వాళ్ళది, ముహూర్తం వాళ్ళది, డబ్బు వాళ్ళది. తన మేనల్లుడి చేత ఫొటోలు తీయించుకుంటానని పెళ్ళికూతురు తండ్రి అంటే కాదనడానికి మనమెవరం?

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను కార్యదర్శిగా ఉన్న రోజుల్లో ఇలాంటి నిబంధనే ఒకటి ఉండేది. తీర్మానం లేదు, నోటి మాటే. ఒక పెళ్ళికి పక్క ఊరి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. పెళ్ళికూతురికి వరసకు తమ్ముడు. ఫంక్షన్ హాలు గేటు దగ్గర మేం నలుగురం ఆపాం. సభ్యత్వ కార్డు అడిగాం. వాదన పెరిగింది. పట్టుపంచె కట్టుకుని, చేతికి కంకణంతో, కన్యాదానం చేయాల్సిన తండ్రి గేటు దాకా వచ్చి మాకు చేతులు జోడించాడు. రెండు వేలు జరిమానా రాసి వదిలాం. రసీదు రాసింది ఈ చేత్తోనే. ఆ కుర్రాడు లోపలికి పరుగెత్తేసరికి మేనమామలు పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మోసుకొచ్చి మండపంలో దించేశారు. ఆ ఫొటో ఆ ఇంట్లో లేదు. ఇక ఎప్పటికీ ఉండదు.

పెళ్ళిళ్ళు చెడిపోకుండా కాపాడడానికే ఈ నిబంధనలని మీరంటున్నారు. ఆ రోజు ఆ పెళ్ళిని చెడగొట్టింది చేతకాని కుర్రాడా, చేతనైన మనమా?

రేట్ల సంగతికి వస్తాను. కడుపు మండే విషయమే. మనం లెక్కకట్టి చెప్పిన రేటులో సగానికి ఎవరో ఒప్పేసుకుంటే సీజన్ అంతా ఖాళీగా కూర్చున్న పాతకాపుకు నిద్ర పట్టదు. ఆషాఢంలో, మూఢంలో ముహూర్తాలుండవు. బ్యాంకు వాయిదాకు మూఢం ఉండదు. అది నాకు తెలుసు. కానీ సగం రేటుకు ఒప్పుకున్నవాడు మనకు శత్రువని ఎందుకనుకుంటున్నారు? వాడికి లెక్క తెలియదు. రెండు రోజుల పెళ్ళంటే రెండు రోజుల పని అనుకుంటాడు. ఫొటోలు ఏరడం, రంగులు సరిచేయడం, ఆల్బమ్ డిజైను, పెళ్ళివారు నాలుగుసార్లు మార్పించడం, ప్రింటింగు, హార్డ్ డిస్కు, పెట్రోలు, వెంట వచ్చినవాడి కూలి, కెమెరా అరుగుదల వాడి కాగితం మీద లేవు. ఏడాది తిరిగేసరికి లెన్సు అమ్ముకుని ఇంకో పనికి పోతాడు. అలా పోయేలోగా పది ఇళ్ళలో ఆల్బమ్ అందక గొడవలు మిగులుస్తాడు. జరిమానా వేస్తే వాడికి లెక్క వస్తుందా? రేటు ఎంతన్నది పెళ్ళివారూ వాడూ తేల్చుకుంటారు. లెక్క ఎలా వేయాలో నేర్పడం మన పని. అడ్వాన్సు ఎంత, ఎన్ని గంటలు, ఎన్ని షీట్ల ఆల్బమ్, ఎప్పటికి అందుతుంది, ఫొటోలు ఎవరు ఎక్కడ చూపుకోవచ్చు, కెమెరా పాడైతే ఏం చేస్తారు అన్నవి ఒక పేజీ ఒప్పందంలో తెలుగులో రాసి అందరికీ ఇస్తే సగం తగాదాలు అక్కడే ఆగిపోతాయి. ఆ పేజీ ఈ సంఘం ఇన్నేళ్ళలో ఎందుకు తయారు చేయలేదు? నేను కార్యదర్శిగా ఉన్నప్పుడు నేనెందుకు చేయలేదు?

అడ్డుకోవడం ఒక్కటే తెలిసిన సంఘం అవసరం ఈ ఊరికి లేదు. కాబట్టి ఏం చేయాలో కూడా చెబుతాను. ముందుగా ఆ నాలుగు అంశాలనూ బేషరతుగా వెనక్కి తీసుకోండి. ఆ తరవాత ప్రతి సభ్యుడూ తన ఆర్డర్లలో ఏడాదికి కొన్నింటికైనా ఒక కొత్తవాణ్ణి రెండో కెమెరాగా తీసుకెళ్ళాలని నియమం పెట్టుకోండి. లైటు పట్టుకోవడానికి తీసుకెళ్ళడం లెక్కలోకి రాకూడదు. ముఖ్యమైన ఫొటోల బాధ్యత పాతవాడిది, పక్క నుంచి చూసే స్వేచ్ఛ కొత్తవాడిది. పెళ్ళివారికి ముందే చెప్పాలి, చెప్పిన కూలి ఆ రోజే ఇవ్వాలి. పెళ్ళివారు ఒప్పుకున్న ఫొటోల్లో కొన్నింటిని తన పేరుతో చూపుకునే హక్కు కాగితం మీద రాసివ్వాలి. ఆ పిల్ల అడిగిన ‘మొదటి పెళ్ళి ఎవరిస్తారు’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే. మొదటి పెళ్ళి మనమే ఇవ్వాలి, మన పక్కన నిలబెట్టుకుని ఇవ్వాలి.

ఆషాఢంలో సంఘం హాలు ఖాళీగా ఉంటుంది, మనమూ ఖాళీగానే ఉంటాం. ఆ నెల బడి పెట్టండి. కెమెరాల గురించి చెప్పేవాళ్ళు ఫోన్లో బోలెడుమంది ఉన్నారు. వాళ్ళకు తెలియనిది మనకు తెలుసు. కాశీయాత్ర వెనక గౌరీపూజ, కన్యాదానం, జీలకర్ర-బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, సప్తపది, అరుంధతి, అప్పగింతలు. ఈ ఊళ్ళో ఏ ఇంట్లో ఏది ముందు, ఏది వెనక, ఎవరి ఆనవాయితీ ఏమిటి అన్నది ముందురోజే పురోహితుణ్ణి అడిగి రాసుకోవాలని చెప్పాలి. ప్రమాణాల వేళ ఫ్లాష్ వద్దనే చర్చి ఉంటుందని, నిఖాలో పెళ్ళికూతురి సంతకం పరదా వెనక జరగవచ్చని, అక్కడ ముందే అనుమతి అడగాలని చెప్పాలి. రెండు కార్డులు, రెండు డిస్కులు, అదనపు బ్యాటరీ లేకుండా గడప దాటకూడదని చెప్పాలి. డ్రోన్ డబ్బుకు ఎగరేస్తే దాని బరువును బట్టి పైలట్ సర్టిఫికెట్ కావాలన్న 2021 నిబంధనలు చెప్పాలి. అప్పగింతల వేళ ఏడుస్తున్న తండ్రి మొహంలోకి ఎంత దగ్గరగా వెళ్ళాలి, ఎక్కడ కెమెరా దించి పక్కకు తప్పుకోవాలి అన్నది ఏ వీడియోలోనూ దొరకదు. అది మీలో ముప్ఫై ఏళ్ళు నిలబడ్డవాళ్ళకే తెలుసు. ఆ తెలివిడిని మీరు పోయేటప్పుడు వెంట తీసుకుపోతారా?

సంఘం నిధిలో డబ్బుంది. దాంతో రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు కొని, నామమాత్రపు అద్దెకు కొత్తవాళ్ళకు ఇవ్వండి. కార్యవర్గంలో ఇద్దరు ఆడవాళ్ళను కూర్చోబెట్టండి. లేరంటారేమో, పిలవండి, వస్తారు. రాత్రి ముహూర్తం అయ్యాక వాళ్ళు ఇంటికి చేరేందుకు బండి, హాల్లో బట్టలు మార్చుకోవడానికి ఒక గది ఫంక్షన్ హాలు యజమానులతో మాట్లాడి ఇప్పించండి. బయటివాళ్ళను గేటు దగ్గర ఆపడానికి ఆ యజమానుల సాయం అడిగినవాళ్ళకు, ఇది అడగడం కష్టమా?

కొత్తవాళ్ళు వస్తే మన కూడు పోతుందన్న భయం మీకు ఉంది, నాకూ ఉంది. రీళ్ళు పోయినప్పుడు ల్యాబుల వాళ్ళు ఇలాగే భయపడ్డారు. డిజిటల్‌ను ఎవరూ గేటు దగ్గర ఆపలేకపోయారు. కోడక్ అంతటి కంపెనీ 2012 జనవరిలో దివాలా పిటిషను వేసింది. మనలో నిలబడ్డవాళ్ళు గేటు కట్టుకుని నిలబడలేదు, కొత్తది నేర్చుకుని నిలబడ్డారు. ఆ నేర్పించినవాళ్ళలో సగంమంది మనకన్నా చిన్న కుర్రాళ్ళే. నాకు మౌస్ పట్టుకోవడం నేర్పింది ఒకప్పుడు నా లైటు మోసిన పిల్లాడు. వాడు నా దగ్గర రుసుము అడగలేదు.

చివరిగా ఒక మాట. కార్తీకంలో మన ఊళ్ళోనే నాకొక పెళ్ళి ఆర్డరుంది. దర్జీ కూతురు నాకు రెండో కెమెరా. పెళ్ళివారికి చెప్పాను, సంతోషంగా ఒప్పుకున్నారు. ఆ పిల్ల మీకు రుసుము కట్టలేదు, కట్టదు. సిఫారసు కావాలంటే ఈ ఉత్తరమే నా సిఫారసు, రెండో సంతకం మీలో ఎవరు పెడతారో చూస్తాను. ఫంక్షన్ హాలు కూడా అదే, ఒకప్పుడు నేను కార్డు అడిగిన గేటే. ముహూర్తానికి రెండు గంటల ముందే మేమిద్దరం అక్కడికి వస్తాం. ఆపదలచుకుంటే రసీదు పుస్తకం తెచ్చుకోండి, కానీ ఆ పిల్ల పేరు రాయకండి. గంపలో వచ్చిన ఆ పెళ్ళికూతురి ఫొటో బాకీ నా పేరు మీద ఇంకా అలాగే ఉంది. ఏం రాసినా దాని కిందే రాయండి.

ఇట్లు
మీ సంఘంలో పాత సభ్యుడు, మాజీ కార్యదర్శి